చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చట్టపరమైన పనులు: ఆర్‌ఓసీ ఫైలింగు నుంచి కన్జ్యూమర్ నోటీసు దాకా

“కంపెనీ పెట్టాం గానీ వ్యాపారమే మొదలుపెట్టలేదు, అయినా ఫైలింగ్ చేయాలా?” “కస్టమర్ కన్జ్యూమర్ కోర్టుకు వెళ్తానంటున్నాడు, ఇప్పుడేం చేయాలి?” విజయవాడ, గుంటూరు పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. పైకి సంబంధం లేనట్టు కనిపిస్తాయి కానీ రెండు చోట్లా ఇబ్బంది ఒకేలా మొదలవుతుంది. ఆ రోజు తయారవ్వాల్సిన కాగితం ఆ రోజు తయారవదు. తయారైనా యజమాని చేతిలో ఉండదు.

“అవన్నీ ఆడిటర్ గారు చూసుకుంటారులెండి” అనే మాట ఇక్కడ ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తుంది. ఫారం వేసేది ఆడిటరే కావచ్చు. పెనాల్టీ ఆర్డరులో ఉండేది మాత్రం డైరెక్టర్ పేరు.

వివరంగా చెప్పడానికి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. గుంటూరు లక్ష్మీపురంలో రిజిస్టర్డ్ ఆఫీసు, ఊరి బయట చిన్న ప్యాకింగ్ యూనిట్. బావాబావమరుదులిద్దరూ డైరెక్టర్లు. కారం, పచ్చళ్లు షాపులకు వేస్తారు, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతారు. మీది బీసెంట్ రోడ్డులో బట్టల షాపైనా, పటమటలో కోచింగ్ సెంటరైనా కంపెనీ చట్టం పనులు ఇవే. కన్జ్యూమర్ పనుల్లో కొన్ని మారతాయి. అవి ఎక్కడ మారతాయో అక్కడే చెబుతాను.

## 1. మీది ఏ రకం సంస్థో ముందు తేల్చుకోండి

సొంత పేరు మీద నడిపే ప్రొప్రైటరీ వ్యాపారానికి ఆర్‌ఓసీతో (కంపెనీల రిజిస్ట్రార్‌తో) పని లేదు. మీరు నేరుగా 6వ అంశానికి వెళ్లవచ్చు.

పార్టనర్‌షిప్ ఫర్మ్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించండి. చట్టం తప్పనిసరి అనలేదు. కానీ రిజిస్టర్ కాని ఫర్మ్, సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన పార్టీ మీద ఒప్పందం ఆధారంగా దావా వేయలేదు. వన్‌టౌన్‌లో అరువు మీద హోల్‌సేల్ నడిపేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఎల్ఎల్‌పీ అయితే ఏటా రెండు ముఖ్యమైన ఫారాలు: మే 30 లోపు ఫారం 11, అక్టోబరు 30 లోపు ఫారం 8.

ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇక్కడి నుంచి వరుసగా చదవండి.

## 2. ఫైలు, తాళాలు మీ దగ్గర పెట్టుకోండి

ఏ ఫారమూ వేయక ముందు చేయాల్సిన పని ఇది. సగం రోజు పడుతుంది.

ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో కంపెనీకి ఇచ్చిన ఈమెయిల్, ఫోన్ నంబర్లు ఎవరివో చూడండి. చాలా కంపెనీలకు అవి ఆడిటర్ ఆఫీసులో ఎప్పుడో మానేసిన అసిస్టెంటువి అయి ఉంటాయి. నోటీసులు ఆ మెయిల్‌కే వెళ్తుంటాయి, మీకు తెలియనే తెలియదు. ముందు అది మార్పించండి.

డిజిటల్ సంతకం ఉన్న పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ కూడా మీ బీరువాలోనే ఉండాలి. అది మీ చేతి సంతకంతో సమానం. ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి ఇంకొకరి డ్రాయరులో ఎవరూ పెట్టరు కదా.

ఫైల్లో ఉండాల్సినవి:

- ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, ఎంఓఏ, ఏఓఏ (కంపెనీ ఉద్దేశాలు, నియమావళి చెప్పే పత్రాలు), పాన్, టాన్
- రిజిస్టర్డ్ ఆఫీసు అద్దె ఒప్పందం, ఇంటి యజమాని ఎన్ఓసీ, తాజా కరెంటు బిల్లు
- డైరెక్టర్ల డిన్ (డైరెక్టర్ గుర్తింపు) నంబర్లు, డిజిటల్ సంతకాల గడువు తేదీలు
- సభ్యుల రిజిస్టరు, డైరెక్టర్ల రిజిస్టరు, షేర్ సర్టిఫికెట్ల నకళ్లు
- బోర్డు మీటింగుల మినిట్స్ ఒక పుస్తకం, సర్వసభ్య సమావేశాల మినిట్స్ మరొకటి
- ఇప్పటిదాకా వేసిన ప్రతి ఫారం, దాని చలానా, ఫారం వేసినప్పుడు పోర్టల్ ఇచ్చే ఎస్‌ఆర్‌ఎన్ నంబరు

చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. “ఫైల్ చేసేశాం సార్” అన్న ఫోను మాటకు విలువ లేదు. ఎస్‌ఆర్‌ఎన్ నంబరు, చలానా ఉంటేనే ఫైలైనట్టు. ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీ వివరాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. చివరి బ్యాలెన్స్ షీట్ ఏ సంవత్సరానిదో, చివరి ఏజీఎం (వార్షిక సర్వసభ్య సమావేశం) ఎప్పుడో అందులో కనిపిస్తుంది. ఇది చదువుతున్నప్పుడే ఒకసారి చూసుకోండి.

## 3. కంపెనీ పుట్టిన తొలి ఆరు నెలలు

వరుస ఇది:

1. 30 రోజుల్లో మొదటి బోర్డు మీటింగు. మొదటి ఆడిటర్ నియామకం కూడా ఆ 30 రోజుల్లోనే.
2. కంపెనీ పేరుతో బ్యాంకు ఖాతా. వాటాదారులు రాసుకున్న మూలధనం ఎవరి వాటా వారి ఖాతా నుంచి ఇందులోకి రావాలి.
3. రెండు నెలల్లో షేర్ సర్టిఫికెట్లు, స్టాంపు డ్యూటీతో సహా.
4. 180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ, అంటే వ్యాపారం మొదలుపెడుతున్నామని చెప్పే ఫారం. ఇది వేసేదాకా కంపెనీ వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు.

ఎక్కువమంది దొరికిపోయేది నాలుగో దగ్గర. ఫారం వేయకపోతే కంపెనీకి రూ. 50,000 పెనాల్టీ. డైరెక్టర్లకు రోజుకు రూ. 1,000 చొప్పున రూ. లక్ష దాకా. మా ఊహా కంపెనీలో బావమరిది తన వాటా డబ్బు నగదుగా బావకిచ్చి, మొత్తం బావే తన ఖాతా నుంచి వేస్తే? స్టేట్‌మెంటులో బావమరిది డబ్బు ఎక్కడా కనిపించదు. ఐఎన్‌సీ-20ఏకి జతచేసే రుజువు ఆ స్టేట్‌మెంటే. అందుకే ఎవరి డబ్బు వారే, బ్యాంకు ద్వారానే వేయాలి.

ఇదే సమయంలో నేమ్ బోర్డు రాయించండి. కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ప్రతి ఆఫీసు, దుకాణం, యూనిట్ బయట స్పష్టంగా కనిపించాలి. ఇంగ్లిష్‌లో రాస్తే స్థానిక భాషలోనూ ఉండాలని కంపెనీల చట్టం 12వ సెక్షనే చెబుతోంది. అంటే మనకు తెలుగు బోర్డు తప్పనిసరి. లెటర్‌హెడ్ మీద, బిల్లు మీద పేరు, చిరునామాతో పాటు సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబరు, ఫోను, ఈమెయిల్ ఉండాలి. బిల్ బుక్కులు అచ్చు వేయించేటప్పుడు సీఐఎన్ మర్చిపోవడం అతి మామూలు. అచ్చుకు ఇచ్చే ముందే ప్రూఫ్ చూసుకోండి.

## 4. ఏటా చేయాల్సిన పనులు, చేయాల్సిన వరుసలో

మార్చి 31న సంవత్సరం ముగుస్తుంది. సెప్టెంబరు 30 లోపు ఏజీఎం పెట్టాలి. కొత్త కంపెనీకి మొదటి ఏజీఎం కోసం తొమ్మిది నెలల సమయం ఉంటుంది. మిగతా పనులన్నీ ఈ సెప్టెంబరు 30 నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

ఏప్రిల్. కొత్త ఆర్థిక సంవత్సరంలో జరిగే మొదటి బోర్డు మీటింగులో ప్రతి డైరెక్టరూ తనకు ఏ ఏ కంపెనీల్లో, ఫర్మ్‌ల్లో వాటాలున్నాయో ఎంబీపీ-1లో రాసివ్వాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటిన బకాయిలుంటే ఎంఎస్ఎంఈ-1 ఫారం ఏప్రిల్ 30 లోపు వేయాలి. తర్వాతి అర్ధ సంవత్సరానిది అక్టోబరు 31 లోపు. ఆటోనగర్‌లో మీకు సామాను చేసిచ్చే చిన్న వర్క్‌షాపుకు ఉద్యమ్ (సూక్ష్మ, చిన్న సంస్థల) రిజిస్ట్రేషన్ ఉందో లేదో మొదటి ఆర్డరప్పుడే అడిగి రాసుకోండి.

జూన్. కంపెనీకి డైరెక్టర్లు సహా ఎవరైనా అప్పు ఇచ్చి ఉంటే, మార్చి 31 నాటి బాకీ వివరాలతో 30వ తేదీలోపు డీపీటీ-3 ఫారం వేయాలి.

జులై, ఆగస్టు. ఆడిట్. పుస్తకాలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి. కంపెనీలకు ఇది 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. దాన్ని ఆపేసి పని చేస్తే ఆడిటర్ తన రిపోర్టులో రాయక తప్పదు. పాత క్రాక్ వెర్షన్లతో నెట్టుకొచ్చే ఆఫీసులు మన దగ్గర తక్కువేం కాదు. ఈ ఒక్క కారణానికైనా మార్చుకోండి.

సెప్టెంబరు మొదటి వారం లోపు. బోర్డు మీటింగు పెట్టి లెక్కలు, బోర్డు రిపోర్టు ఆమోదించండి. ఆ తర్వాతే ఆడిటర్ సంతకం. సాధారణంగా ఏజీఎం నోటీసు 21 పూర్తి రోజుల ముందు వెళ్లాలి.

సెప్టెంబరు 30 లోపు. ఏజీఎం. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 మధ్య, జాతీయ సెలవు కాని రోజున పెట్టాలి. రిజిస్టర్డ్ ఆఫీసులోనో, అదే ఊళ్లో ఇంకో చోటో జరపవచ్చు. ఇద్దరే వాటాదారులైతే ఇద్దరూ కూర్చుంటేనే కోరం. భోజనాల దగ్గర మాట్లాడుకున్నది ఏజీఎం కాదు. పావుగంట మీటింగైనా నోటీసు, హాజరు, మినిట్స్ ఉండాలి.

ఏజీఎం తర్వాత గడువులు:

- ఆడిటర్‌ను నియమించి ఉంటే 15 రోజుల్లో ఏడీటీ-1
- 30 రోజుల్లో ఏఓసీ-4, అంటే బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతా, రిపోర్టులు
- 60 రోజుల్లో వార్షిక రిటర్ను. చిన్న కంపెనీకి (మూలధనం, అమ్మకాలు చట్టం చెప్పిన పరిమితుల్లోపు ఉన్నదానికి) ఎంజీటీ-7ఏ, మిగతావాటికి ఎంజీటీ-7

బోర్డు మీటింగులు ఏడాదికి నాలుగు పెట్టాలి, రెండింటి మధ్య 120 రోజులకు మించి ఎడం ఉండకూడదు. చట్టం దృష్టిలో చిన్న కంపెనీ అయితే క్యాలెండరు ఏడాది ప్రతి సగంలో ఒకటి చాలు, మధ్యలో కనీసం 90 రోజులు ఉండాలి. ఈ ప్రాంతంలో కుటుంబాలు నడిపే కంపెనీల్లో చాలావరకు చిన్న కంపెనీ పరిధిలోకే వస్తాయి. మీది వస్తుందో లేదో ఆడిటర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఫారాలూ, పెనాల్టీల్లో సగం తగ్గింపూ దాన్ని బట్టే.

డైరెక్టర్ల కేవైసీ సంగతి వేరు. దాని గడువు నియమం మారుతూ వస్తోంది కాబట్టి పోయినేటి తేదీ పట్టుకుని కూర్చోకండి. పోర్టల్‌లో డిన్ స్థితి చూసుకోండి. డిన్ డీయాక్టివేట్ అయితే ఆ డైరెక్టర్ ఏ ఫారం మీదా సంతకం చేయలేడు. అక్టోబరులో ఏఓసీ-4 వేయబోయే రోజు బయటపడితే అప్పుడు టెన్షన్.

ఆలస్యమైతే ఎంత? ఏఓసీ-4కు, వార్షిక రిటర్నుకు విడివిడిగా రోజుకు రూ. 100 లేట్ ఫీజు, పైపరిమితి లేదు. రెండూ సరిగ్గా ఏడాది ఆలస్యమైతే 36,500 చొప్పున మొత్తం రూ. 73,000. ఆ ఏడాది అమ్మకాలు సున్నా అయినా ఇంతే. దీనికి తోడు ఆర్‌ఓసీ పెనాల్టీ వేయవచ్చు. ఒక్కో ఫారానికి రూ. 10,000, ఆపై రోజుకు రూ. 100, కంపెనీకి గరిష్ఠంగా రూ. 2 లక్షలు, బాధ్యులైన డైరెక్టర్లకు రూ. 50,000 దాకా.

వరుసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. ఈ ఒక్క కంపెనీతో ఆగదు. బావమరిదికి ఇంకో మంచి కంపెనీలో డైరెక్టర్ పదవి ఉంటే అక్కడా దెబ్బే.

## 5. ఎక్కువగా జరిగే తప్పులు, వాటి సవరణ

చేబదుళ్లు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే, తప్పని కూడా చాలామందికి తెలియదు. సీజన్లో మిర్చి కొనాలి, బ్యాంకు లిమిట్ అయిపోయింది. “బాబాయి ఐదు లక్షలిస్తానన్నాడు బావా, రూపాయిన్నర వడ్డీ, ప్రోనోటు రాసిస్తే చాలు.” డబ్బు నేరుగా కంపెనీ ఖాతాలో పడుతుంది. కంపెనీ చట్టం దాన్ని డిపాజిట్ అంటుంది. నియమాలు పాటించకుండా డిపాజిట్ తీసుకుంటే కంపెనీకి కనీస జరిమానా రూ. కోటి లేదా తీసుకున్న మొత్తానికి రెట్టింపు, ఏది తక్కువైతే అది. బాధ్యులైన అధికారులకు జైలు శిక్ష కూడా ఉంది.

ప్రైవేట్ కంపెనీ డైరెక్టర్ నుంచి, డైరెక్టర్ బంధువుల నుంచి అప్పు తీసుకోవచ్చు. అయితే చట్టం లెక్కలో బంధువులంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, హిందూ ఉమ్మడి కుటుంబ సభ్యులు. మనం ఎంత దగ్గరవాళ్లనుకున్నా మేనమామ, మామగారు, బావమరిది ఇందులో లేరు. ఉమ్మడి కుటుంబంలో సభ్యుడైతే తప్ప బాబాయి కూడా లేడు. పైగా ఇచ్చే డైరెక్టరూ, బంధువూ “ఇది నా సొంత డబ్బు, ఇంకొకరి దగ్గర తెచ్చింది కాదు” అని రాసివ్వాలి. కాబట్టి బాబాయి దగ్గర డైరెక్టర్ తీసుకుని కంపెనీకిచ్చే దొడ్డిదారి కూడా మూసే ఉంది.

ఇప్పటికే తీసుకున్నారా? ముందు కొత్తవి ఆపండి. ఎవరిది ఎంత, ఏ తేదీన, ఏ ఖాతాలో పడిందో జాబితా రాయండి. చట్టంలోని బంధువులు కానివారి డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు చూడండి. వాటా ఇచ్చి సర్దుదామంటే దానికీ పద్ధతి ఉంది, కంపెనీ సెక్రటరీని అడగకుండా పుస్తకాల్లో ఎంట్రీ తిప్పేయకండి.

ఆఫీసు మారి చెప్పకపోవడం. బ్రాడీపేట నుంచి అరండల్‌పేటకు మారినా 30 రోజుల్లో చిరునామా మార్పు ఫారం ఐఎన్‌సీ-22 వేయాలి. పాత చిరునామాకు వెళ్లిన నోటీసు తిరిగొస్తే, అసలు ఆ ఆఫీసు ఉందా లేదా అని తనిఖీ జరుగుతుంది. కంపెనీ పేరు కొట్టేసే ప్రక్రియ అక్కడి నుంచే మొదలుకావచ్చు.

వెనక తేదీలతో మినిట్స్. ఏడాది మినిట్స్ అన్నీ ఒకే రోజు, ఒకే పెన్నుతో రాసేస్తారు. ఆడిటర్ సంతకానికి ఇప్పుడు యూడీఐఎన్ అనే, ఒక్కో పత్రానికి విడిగా వచ్చే నంబరు ఉంటుంది, డిజిటల్ సంతకం మీద తేదీ పడుతుంది. రెండూ మినిట్స్‌తో పొసగకపోతే ఇట్టే తెలిసిపోతుంది. మీటింగు అయిన 30 రోజుల్లో రాసి సంతకం పెట్టేయండి. ఒక పేజీ పని.

నడవని కంపెనీని గాలికొదిలేయడం. మళ్లీ నడిపే ఆలోచన ఉంటే డార్మెంట్ (నిద్రాణ) హోదా అడగండి. లేదంటే కంపెనీ పేరు కొట్టేయమని కోరే ఎస్‌టీకే-2 ఫారం వేసి మూసేయండి, దాని ఫీజు రూ. 10,000. వ్యాపారం ఆగిన సంవత్సరం దాకా ఉన్న పాత రిటర్నులు వేశాకే అది కుదురుతుంది. ఏమీ చేయకపోతే రెండు ఫారాలకూ కలిపి రోజుకు రూ. 200 చొప్పున పెరుగుతూనే ఉంటుంది.

## 6. కౌంటర్ దగ్గర: బిల్లు, లేబుల్, తూకం, ప్రకటన

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. దీని కింద బిల్లు ఇవ్వకపోవడమే ఒక అనుచిత వ్యాపార పద్ధతి. “బిల్లు కావాలంటే జీఎస్‌టీ ఎక్స్‌ట్రా అవుతుంది” అని కౌంటర్లో అనే కుర్రాడు మీ కేసు మీరే ఓడిపోయేలా చేస్తున్నాడు.

ఇక “ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అన్న ముద్ర. విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్ నుంచి మొబైల్ షాపుల దాకా అందరి బిల్లు మీదా ఉంటుంది. లోపమున్న సరుకు విషయంలో అది మిమ్మల్ని కాపాడదు. బిల్లులో గడువు రాస్తే ఆ గడువులోపు, రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం చట్టం ప్రకారం తప్పు. రంగు నచ్చలేదు, సైజు మార్చాలి అనేవి మీ షాపు పాలసీ. లోపం అలా కాదు. ఆ ముద్ర తీసేసి ఇలా రాయించండి: “లోపమున్న సరుకు బిల్లుతో ఇన్ని రోజుల్లో తెస్తే మార్చబడును లేదా డబ్బు వాపసు ఇవ్వబడును. లోపం లేని సరుకు మార్పిడికి షరతులు ఇవి.”

బిల్లు, కౌంటర్ చెక్‌లిస్టు:

- పేరు, చిరునామా, ఫోను, కంపెనీ అయితే సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబరు), జీఎస్‌టీ నంబరు, బిల్లు సంఖ్య, తేదీ
- తినే వస్తువులైతే బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, 2022 జనవరి నుంచి తప్పనిసరి
- క్యారీ బ్యాగుకు డబ్బు తీసుకునేట్టయితే సరుకు ఎంచుకోక ముందే కనిపించేలా బోర్డు. బిల్లింగ్ దగ్గర చెప్పి వసూలు చేయడాన్ని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో తప్పుపట్టింది
- హోటలైతే సర్వీస్ చార్జీ బిల్లులో తనంతట తాను చేరకూడదు
- ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర, సర్టిఫికెట్ కౌంటర్ దగ్గరే
- బంగారం షాపైతే హాల్‌మార్క్‌తో ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్)

ప్యాకెట్ మీద. మా కారం కంపెనీకి అసలు పరీక్ష ఇక్కడే. పొడి మసాలాలు, కారం ప్యాక్ చేసే అమ్మాలి, విడిగా అమ్మకూడదు. ప్యాకెట్ మీద తయారీదారు లేదా ప్యాకర్ పేరు, పూర్తి చిరునామా, వస్తువు పేరు, నికర తూకం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులు కలిపి ఎంఆర్‌పీ, యూనిట్ ధర, ఫిర్యాదులకు ఫోను, ఈమెయిల్ ఉండాలి. కిలోలోపు ప్యాకెట్‌కు యూనిట్ ధర గ్రాముకు ఎంతో రాయాలి. వీటితో పాటు ఆహార చట్టం కింద పదార్థాల జాబితా, వర్తించేచోట పోషక వివరాలు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోపు వాడాలో, పచ్చ గుర్తు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. ప్యాకింగ్ మొదలైన 90 రోజుల్లో ప్యాకర్‌గా తూనికలు కొలతల శాఖలో రిజిస్టర్ కావాలి.

వేల కవర్లు అచ్చయ్యాక తప్పు తెలిస్తే స్టిక్కర్ వేసి సర్దేద్దామనుకుంటారు. ఎంఆర్‌పీ మీద స్టిక్కర్ వేసి పెంచడం నేరం. అచ్చుకు ముందే ఒక నమూనా చూపించి సరిచేయించుకోవడమే చవక.

ఆన్‌లైన్ అమ్మకం. వెబ్‌సైటు పెట్టుకుంటే ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, ఫోను, మెయిల్ అందులో చూపించాలి. బావమరిదే ఆ అధికారి కావచ్చు, తప్పేం లేదు. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వాపసు షరతులు, డెలివరీ చార్జీలు ఆర్డరు పెట్టక ముందే కనిపించాలి. “ఇంకా రెండే మిగిలాయి” అని అబద్ధపు తొందర పెట్టడం, చివరి పేజీలో కొత్త చార్జీ కలపడం డార్క్ ప్యాటర్న్‌లు, అంటే కొనేవారిని ఏమార్చే పద్ధతులు. 2023 నవంబరు మార్గదర్శకాలు ఇలాంటివి 13 రకాలను నిషేధించాయి.

ప్రకటనలు. ఆషాఢం డిస్కౌంటు బోర్డు మీద 50 శాతం అని పెద్దగా, “వరకు” అని చీమంత అక్షరాల్లో వేయకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ రూ. 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ. 50 లక్షల దాకా పెనాల్టీ వేయగలదు.

కోచింగ్ సెంటర్లవాళ్లు 2024 నవంబరు మార్గదర్శకాలు తప్పక చదవాలి. ర్యాంకర్ ఫొటో వేయాలంటే ఫలితం వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వక అనుమతి కావాలి. అడ్మిషన్ అప్పుడే తీసుకున్న సంతకం చెల్లదు. ఆ విద్యార్థి మీ దగ్గర ఏ కోర్సు, ఎన్నాళ్లు చదివాడో, డబ్బు కట్టాడో లేదో కూడా ఫొటోతో పాటే చెప్పాలి. బెంజ్ సర్కిల్ చుట్టూ ఉన్న హోర్డింగులను ఈ కళ్లతో ఒకసారి చూడండి.

## 7. ఫిర్యాదు వస్తే ఏ దశలో ఏం చేయాలి

నోటి మాటగా వచ్చినప్పుడు. తేదీ, పేరు, బిల్లు నంబరు, ఏం అడిగారు, మనం ఏం చెప్పాం: ఒక రిజిస్టరులో రాయండి. సరుకు ఫొటో తీయండి. తప్పు మనదైతే అక్కడే మార్చేసి, “సమస్య తీరింది” అని వాట్సాప్‌లోనైనా మెసేజ్ తీసుకోండి. నా లెక్కలో నూటికి తొంభై కేసులు ఇక్కడే ఆపదగ్గవి. రూ. 800 కుక్కర్ గాస్కెట్ గొడవ వినియోగదారుల కమిషన్ (కన్జ్యూమర్ కోర్టు) దాకా వెళ్లేది సరుకు వల్ల కాదు, కౌంటర్లో అన్న మాట వల్ల.

1915 నుంచి వస్తే. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కోర్టు కాదు కదా అని వదిలేయకండి. మీ జవాబు, జవాబివ్వకపోవడం రెండూ రికార్డవుతాయి.

లాయర్ నోటీసు వస్తే. అందులో ఇచ్చిన గడువులోపు, వాస్తవాలకే పరిమితమైన జవాబు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ రిపోర్టు దాచండి. కోపంతో ఫోన్ చేయకండి. కాల్ రికార్డవుతుందనే అనుకోండి.

కమిషన్ నోటీసు వస్తే లెక్క మారిపోతుంది. నోటీసు, ఫిర్యాదు ప్రతి అందిన రోజు నుంచి 30 రోజుల్లో మీ రాతపూర్వక జవాబు (కౌంటర్) దాఖలు చేయాలి. కారణం చూపితే మరో 15 రోజులు ఇవ్వవచ్చు. 45 రోజులు దాటాక ఒక్కరోజు కూడా పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చి చెప్పింది. సివిల్ కోర్టు వాయిదాల అలవాటు ఇక్కడ పనికిరాదు.

వరుస:

1. కవరు మీద అందిన తేదీ రాసి సంతకం పెట్టండి, కవరు పారేయకండి.
2. రెండు మూడు రోజుల్లో బోర్డు తీర్మానం చేసి ఒకరికి సంతకం చేసే అధికారం ఇవ్వండి. ఇది లేకుండా మేనేజర్ సంతకం పెట్టడం తరచూ జరిగే తప్పు.
3. మొదటి వారంలోనే లాయర్‌కు వకాల్తా. బిల్లు, వారంటీ కార్డు, ఫిర్యాదుల రిజిస్టరు, మెసేజ్‌లు, సర్వీసు రిపోర్టు తేదీల వరుసలో ఇవ్వండి.
4. లోపం తయారీదారుదైతే వారిని కూడా పార్టీగా చేర్చమని అడగాలేమో లాయర్‌తో మాట్లాడండి. “కంపెనీవాళ్లనే అడగండి” అన్నది జవాబు కాదు.
5. సరుకులో లోపమే లేదంటే ల్యాబ్ పరీక్షకు అడగవచ్చు.
6. మధ్యవర్తిత్వానికి కమిషన్ అడిగితే లెక్క వేసుకుని ఆలోచించండి. చిన్న మొత్తమైతే ఒప్పుకోవడమే మేలు.

కస్టమర్ కట్టిన డబ్బు రూ. 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్, రూ. 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. రూ. 5 లక్షల లోపు అయితే కస్టమర్‌కు ఫీజే లేదు. రెండేళ్లలోపు ఎప్పుడైనా వేయవచ్చు, తాను ఉండే ఊళ్లోనే వేయవచ్చు. గుంటూరు నుంచి శ్రీకాకుళానికి పచ్చడి పంపితే అక్కడి జిల్లా కమిషన్ నుంచి నోటీసు రావచ్చన్నమాట.

జిల్లా కమిషన్‌లో ఓడితే 45 రోజుల్లో అప్పీలు. ముందు తీర్పు మొత్తంలో సగం డిపాజిట్ చేయాలి. అప్పీలూ వేయకుండా, తీర్పూ అమలు చేయకుండా ఉంటే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా రూ. 25,000 నుంచి రూ. లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కంపెనీ తరఫున వెళ్లాల్సింది మళ్లీ డైరెక్టరే.

## 8. ఇప్పటికే పెండింగ్ ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి

1. పోర్టల్‌లో డైరెక్టర్ల డిన్‌లు, డిజిటల్ సంతకాల స్థితి. ఇవి బతికి లేకపోతే ఏమీ కదలదు.
2. రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, మెయిల్ సరిచేయడం.
3. ఏ ఏ సంవత్సరాలు, ఏ ఏ ఫారాలు పెండింగో పట్టిక. పక్కన లేట్ ఫీజు.
4. పాత సంవత్సరం నుంచి కొత్తదానికి వరుసగా ఆడిట్, ఏజీఎం, ఫైలింగ్. మూడో ఏడాది గడువు దగ్గరపడుతుంటే ముందు దాన్ని దాటనివ్వకండి.
5. పెనాల్టీ ఉత్తర్వు వస్తే గడువులోపు కట్టండి, లేదా అప్పీలు వేయండి. చిన్న కంపెనీకి తగ్గింపు వర్తించిందో లేదో అందులో చూసుకోండి.

“ఏదో స్కీమ్ వస్తుందట, ఆగుదాం” అనేవాళ్లుంటారు. నిజమే, 2020లో కంపెనీస్ ఫ్రెష్ స్టార్ట్ స్కీమ్ వచ్చింది, లేట్ ఫీజు లేకుండా పాతవి వేయనిచ్చారు. అమల్లో ఉన్న స్కీమ్ ఉంటే వాడుకోండి. రాబోయేదాని కోసం మాత్రం ఆగకండి.

## 9. ఏ కాగితం ఎన్నాళ్లు దాచాలి

లెక్కల పుస్తకాలు, వాటి వోచర్లు, వార్షిక రిటర్నులు ఎనిమిదేళ్లు. మినిట్స్ పుస్తకాలు, సభ్యుల రిజిస్టరు శాశ్వతంగా. జీఎస్‌టీ రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి ఆరేళ్లు, కేసు నడుస్తుంటే అది తేలాక మరో ఏడాది దాకా, రెండింటిలో ఏది తర్వాతైతే అది. కస్టమర్ ఫిర్యాదుల రిజిస్టరుకు చట్టం లెక్క చెప్పకపోయినా మూడేళ్లు ఉంచండి. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, ఆలస్యానికి కారణం చూపిస్తే కమిషన్ దాన్ని కూడా మన్నించవచ్చు.

థర్మల్ పేపర్ బిల్లుల మీద అక్షరాలు కొన్ని నెలలకే చెరిగిపోతాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బ్యాకప్ నెలకోసారి వేరే డిస్కులోకి తీసి, అది దుకాణంలో కాక ఇంట్లో పెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీళ్లొచ్చినప్పుడు దుకాణాల్లో సరుకుతో పాటు ఫైళ్లూ మునిగాయి. రిజిస్టర్లు గ్రౌండ్ ఫ్లోర్‌లో కింది అరలో ఉంటే ఇవాళే పై అరలోకి మార్చండి.